నలభై రెండో రోజు: ఒక పల్లె సంఘం, ఒక తాపీ మేస్త్రి, మద్యం

బెంగళూరు తూర్పు అంచున ఒక క్రైస్తవ మిషన్ నడిపే మద్య విముక్తి గృహంలో పద్నాలుగేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. కొందరు అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లు. మరికొందరు కోలారు, చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగినవాళ్లు. ఈ కేసు అలాంటి పల్లెది. ఆ మనిషి అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని రమణ అని, భార్యను సుగుణ అని పిలుస్తాను. ఊరు, సంఘం, ఆసుపత్రి పేర్లు ఇవ్వను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఈ కేసులో మేము ఒక తప్పు చేశాం. మా లాంటి గృహాల్లోనూ పల్లె సంఘాల్లోనూ ఆ తప్పు ప్రేమతోనే జరుగుతుంది, అందుకే ఎవరికీ తప్పులా కనిపించదు. నాకూ కనిపించలేదు. అది చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

రమణకు అప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. తాపీ మేస్త్రి. ఒకప్పుడు రెండెకరాల్లో టమోటా వేసేవాడు. రెండు బోర్లు వేయించాడు, వెయ్యి అడుగులు దాటినా తడి తగలలేదు. అప్పు మిగిలింది. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరుకు పనికి రావడం, రాత్రి తొమ్మిదికి ఊరు చేరడం. శనివారం బటవాడా.

తండ్రి ప్యాకెట్ సారా తాగేవాడు. రమణ కూడా పదిహేడేళ్ల వయసులో దానితోనే మొదలుపెట్టాడు. 2007లో కర్ణాటక ప్రభుత్వం సారాను నిషేధించినప్పుడు తండ్రి నెల రోజులు మానేసి, ఆ తర్వాత చవక విస్కీకి మారాడు. కొడుకూ అదే దారి పట్టాడు. మా దగ్గరకు వచ్చేనాటికి రోజుకు రెండు క్వార్టర్లు తాగుతున్నాడు. ఒక క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. అందులో దాదాపు అరవై గ్రాముల శుద్ధ మద్యం ఉంటుంది. పొద్దున బస్సెక్కే ముందు ఒక నైంటీ, అంటే 90 మిల్లీలీటర్లు, పడితే తప్ప తాపీ పట్టే చేయి నిలిచేది కాదు.

ఇంట్లో మాన్పించే ప్రయత్నాలు చాలా జరిగాయి. కొడుకు తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించారు. ఒక ఏడాది ఎవరో పట్నం నుంచి తెచ్చిచ్చిన పొడిని సుగుణ అతనికి తెలియకుండా సాంబారులో కలిపింది. మందు మాన్పించే మందు అని చెప్పి అమ్మారట. ఆ రాత్రి అతను తాగి వచ్చి అన్నం తిన్నాడు. ముఖం ఎర్రబడి, వాంతులతో గుమ్మంలో పడిపోయాడు. బతికాడు. తర్వాత విషయం తెలిసింది. ఆ రోజు నుంచి భార్య పెట్టిన పళ్లేన్ని అనుమానంగా చూడడం మొదలుపెట్టాడు. ఇలా తెలియకుండా మందు కలపడం గురించి నాకు ఏటా కనీసం పది ఫోన్లు వస్తాయి. అది ప్రాణాల మీదికి తెస్తుంది. ప్రాణం దక్కినా ఇంట్లో నమ్మకం పోతుంది.

ఇంకో సంగతి మొదటి సంభాషణలోనే సుగుణ చెప్పింది. నేను నోట్సులో ఒక వాక్యంగా రాసుకుని వదిలేశాను. రమణ ఇరవై ఆరో ఏట నుంచి దాదాపు ప్రతి కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవాడు. ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాడు కాదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడు మళ్లీ మొదలు. మూడేళ్లుగా మాత్రం మాల వేయడం మానేశాడు. కారణం అడిగితే, "మొదటి రోజే చేతులు వణికాయి మేడమ్, స్వామి ముందు అలా నిలబడలేక పోయాను" అన్నాడు.

ఆ ఒక్క మాటలో రెండు విషయాలున్నాయి. శరీరం మద్యానికి పూర్తిగా బానిసైంది మూడేళ్ల కిందట అన్నది మొదటిది. అది నాకు వెంటనే అర్థమైంది. రెండోది అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ రాత్రి

సుగుణ ఆరేళ్లుగా ఊళ్లోని చిన్న క్రైస్తవ సంఘానికి వెళ్తోంది. అరవై కుటుంబాలు, రేకుల కప్పు మందిరం. పాస్టరుగారి తండ్రి కూడా తాగి తాగి చనిపోయినవాడే. అందువల్ల ఈ విషయంలో ఆయన పట్టుదల నిజమైనది. ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల శ్రమదినాలు మొదలైన వారంలో రమణ కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. రమణ ఇష్టపడే వచ్చాడు. ఆదివారం రాత్రి చివరిసారి తాగి, సోమవారం పొద్దున మందిరంలో చాప మీద కూర్చున్నాడు. అన్నం లేదు, నీళ్లు కూడా అంతంత మాత్రమే.

సోమవారం చెమటలు, వణుకు. మంగళవారం రాత్రి ఫిట్స్ వచ్చాయి. బుధవారం సాయంత్రానికి గోడ నిండా చీమలు పాకుతున్నాయని చేతులతో దులపడం, చనిపోయిన తండ్రితో మాట్లాడడం, బయటకు పరుగెత్తడం. దురాత్మ వదిలిపోతూ పెనుగులాడుతోందని అందరూ అనుకున్నారు. పాత చీరతో స్తంభానికి కట్టి ప్రార్థన పెంచారు.

రాత్రి తొమ్మిదిన్నరకు పాస్టరుగారు నాకు ఫోన్ చేశారు. అంతకు ముందు ఏడాది మేము కాపరుల కోసం, అంటే పాస్టర్ల కోసం, పెట్టిన ఒక రోజు శిక్షణకు ఆయన వచ్చారు. అలా నంబరు ఉంది. ఆయన అడిగింది అంబులెన్సు కాదు. "మీరు కూడా అక్కడి నుంచి ప్రార్థనలో ఏకీభవించండమ్మా, ఈ రాత్రే విడుదల వచ్చేలా ఉంది" అన్నారు.

నాలుగు ప్రశ్నలు అడిగాను. ఆఖరిసారి ఎప్పుడు తాగాడు? ఫిట్స్ వచ్చాయా? తాను ఎక్కడ ఉన్నాడో చెప్పగలుగుతున్నాడా? మూత్రం పోశాడా? జవాబులు విన్నాక సందేహం మిగలలేదు. ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తుంటే, దానికి ఎదురీదడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఎదురీత మాత్రం మిగులుతుంది. మొదటి రోజు వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. దానికి తోడు ఉపవాసం. అసలే బి1 విటమిన్ అడుగంటిన శరీరం అది.

ఇక్కడ నేను తీసుకోవలసిన నిర్ణయం వైద్యపరమైనది కాదు, అది తేలిపోయింది. ఆయనతో ఏ మాట అనాలన్నదే ప్రశ్న. ఇది దయ్యం కాదు, జబ్బు అని మొదలుపెడితే వేదాంత చర్చ అవుతుంది. అరగంట పోతుంది. పైగా మూడు రోజులుగా మోకాళ్ల మీద ఉన్న మనుషుల ముందు ఆయన్ని తలదించుకునేలా చేస్తుంది. "అయ్యగారూ, ప్రార్థన ఆపవద్దు. కట్లు విప్పి, 108కి ఫోన్ చేసి, అంబులెన్సులో కూర్చుని చేయండి" అన్నాను. ఆయన రెండు క్షణాలు మౌనంగా ఉండి, "సరేనమ్మా" అన్నారు. రమణ పక్కన కూర్చుని ఆసుపత్రి వరకు ప్రార్థన చేస్తూనే వచ్చారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరు రోజులు. గ్లూకోజు ఎక్కించే ముందే థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇచ్చారు. వణుకు, మతిభ్రమ తగ్గడానికి క్లోర్‌డయాజెపాక్సైడ్ ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించారు. నాలుగో రోజున తన కొడుకును పేరు పెట్టి పిలిచాడు.

ఆ చీర కట్టు గురించి తర్వాత పాస్టరుగారితో విడిగా, గట్టిగా మాట్లాడాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోసం బంధువులు వదిలి వెళ్లిన మానసిక రోగుల శాలకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. అది ఏ మతానిదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నమ్మకంతో, మంచి ఉద్దేశంతో కట్టిన కట్టు కూడా కట్టే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. ఆయనకు ఇవేవీ తెలియవు. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

మొదటి ప్రయత్నం

ఆసుపత్రి నుంచి బంధువులు నేరుగా మా గృహానికి తీసుకొచ్చారు. సంతకం వాళ్లు పెడతామన్నారు. నేను రెండు రోజులు ఆగాను. రమణ తేరుకుని, తేదీ, ఊరు, తానెందుకు వచ్చాడో తనంతట తాను చెప్పగలిగాక పత్రం తెలుగులో చదివి వినిపించి, రెండుసార్లు అడిగి అతని చేతే సంతకం పెట్టించుకున్నాను. మాది క్రైస్తవ గృహమని, పొద్దున సాయంత్రం ప్రార్థన ఉంటుందని, రావడం రాకపోవడం అతని ఇష్టమని, బాప్తిస్మానికీ చికిత్సకూ సంబంధం లేదని కూడా అప్పుడే చెప్పాను. నిస్సహాయ స్థితిలో ఉన్న మనిషి చేత విశ్వాసం ఒప్పించడం నా దృష్టిలో సువార్త పని కాదు. దీని మీద మా కమిటీలో కొందరితో నాకు ఏళ్లుగా భేదం ఉంది. ఆ భేదం ఇప్పటికీ తీరలేదు.

అతని అలవాటు తీవ్రత కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల పరీక్ష చేశాం. నలభైకి ముప్పై ఒకటి వచ్చింది. ఇరవై, ఆపైన వస్తేనే బానిసత్వం ఉండవచ్చని అనుమానిస్తాం.

నలభై ఐదు రోజులు ఉన్నాడు. నిద్ర కుదిరింది, తిండి కుదిరింది. పాటలంటే ఇష్టం, డప్పు బాగా వాయిస్తాడు. మిగిలినవాళ్లకు అన్నలా ఉండేవాడు. మా రికార్డు ప్రకారం ఆదర్శవంతమైన కేసు. ఈస్టరు తర్వాత ఇంటికి పంపాం. మరుసటి ఆదివారం మందిరంలో సాక్ష్యం పెట్టారు, అంటే దేవుడు తనకు చేసిన మేలును అతను అందరి ముందు చెప్పడం. చుట్టుపక్కల ఐదు ఊళ్ల నుంచి మనుషులు వచ్చారు. నన్నూ పిలిచారు, వెళ్లాను. రమణ తెల్లచొక్కా వేసుకుని మైకు ముందు నిలబడి, "ప్రభువు నన్ను పూర్తిగా విడిపించాడు, ఇక జన్మలో ముట్టను" అన్నాడు. జనం లేచి నిలబడి స్తుతించారు. సుగుణ ఏడ్చింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

పదమూడో రోజు, శనివారం, బటవాడా అయ్యాక తాగాడు.

ఎక్కడ తప్పాం

తాగడం ఈ కేసులో పెద్ద విషయం కాదు. చికిత్స తర్వాత మొదటి నెలల్లో చాలామంది ఒకసారైనా తాగుతారు, దానికి మేము సిద్ధంగానే ఉంటాం. అసలు దెబ్బ ఆ తర్వాతి తొమ్మిది వారాలు. రమణ ఎవరికీ కనిపించలేదు. ఆదివారం పని ఉందని బెంగళూరులోనే కట్టడం దగ్గర పడుకునేవాడు. నా ఫోన్ ఎత్తలేదు. పాస్టరుగారు ఇంటికొస్తే వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాడు. తాగుడు మొదటి వారంలోనే పాత మోతాదుకు చేరింది.

జూన్ చివర్లో నేనే అతను పనిచేసే చోటికి వెళ్లాను. ఇసుక కుప్ప పక్కన కూర్చుని మాట్లాడాం. మీద పడి తిట్టకుండా, ఎందుకు తాగావని అడగకుండా, "తాగిన మర్నాడు నాకు ఫోన్ చేయాలని అనిపించిందా?" అని మాత్రం అడిగాను.

"అనిపించింది మేడమ్. కానీ అయిదు ఊళ్ల ముందు చెప్పాను కదా. నేను తాగానని తెలిస్తే నా పరువు పోతే పోనీ, దేవుడి పేరు పోతుంది. సుగుణ మందిరంలో తలెత్తుకోలేదు."

ఆ మాట విన్నప్పుడు నాకు మాల సంగతి గుర్తుకొచ్చింది. గృహానికి తిరిగొచ్చి పాత నోట్సు తీసి చూశాను. దీక్షలో నలభై ఒక్క రోజులు, శ్రమదినాలు నలభై రోజులు, మా గృహంలో నలభై ఐదు రోజులు. మూడింటికీ ఒక ముగింపు తేదీ ఉంది. ఆ తేదీ వరకు అతను అద్భుతంగా నిలబడగలడు, ఇరవై ఆరో ఏట నుంచి నిరూపిస్తూనే ఉన్నాడు. నలభై రెండో రోజున ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మేము చేసింది ఇంకా ఘోరం. ముగింపు తేదీకి ఒక ఉత్సవం చేసి, ఆ తర్వాత పడిపోతే తిరిగి వచ్చే గుమ్మాన్ని ఆ ఉత్సవంతోనే మూసేశాం. సాక్ష్యం చెప్పినవాడికి బలహీనత ఒప్పుకునే హక్కు లేకుండా పోయింది.

అప్పుడే దీక్షను కొత్త కళ్లతో చూడడం మొదలుపెట్టాను. ఆ నలభై ఒక్క రోజులు అతన్ని నిలబెట్టింది భయం ఒక్కటేనా? కాదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లబట్టలు, చెప్పులు లేని నడక, రోజుకు రెండుసార్లు పూజ, సాయంత్రం భజన. అన్నిటికంటే ముఖ్యంగా, ఊరంతా అతన్ని "స్వామీ" అని పిలుస్తుంది. తాగుబోతు రమణ అన్న పేరు ఆ రోజుల్లో ఉండదు. పొద్దుటి పని, తోటి మనుషులు, కొత్త పేరు. ఈ మూడూ మా దగ్గర కూడా నలభై ఐదు రోజులు దొరికాయి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టినప్పుడు వాళ్లకు తట్టిన విషయం కూడా ఇలాంటిదే. జన్మంతా కాదు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండడం, తాగితే మళ్లీ కూటానికి రావడం. ఆ ఉద్యమం ఒక క్రైస్తవ సహవాసం నుంచే పుట్టింది. నేను పదేళ్లుగా ఆ పాఠం ఇతరులకు చెబుతూ ఈ కేసులో మరిచిపోయాను.

రెండో ప్రయత్నం

మళ్లీ గృహంలో చేర్చుకోవాలని సుగుణ, పాస్టరుగారు ఇద్దరూ కోరారు. నేను ఒప్పుకోలేదు. ఇంకో నలభై ఐదు రోజులు ఇస్తే ఇంకో ముగింపు తేదీ వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో వారం రోజులు ఆసుపత్రిలో మద్యం దించి, నేరుగా ఊరికే పంపాలని, అక్కడే రోజువారీ ఏర్పాటు చేయాలని నిర్ణయించాం. మొదటిసారి ఫిట్స్, మతిభ్రమ వచ్చినవాడు కాబట్టి ఇంట్లోనే మాన్పించే సాహసం చేయలేదు.

డాక్టరు కాలేయ పరీక్షలు, గుండె పరీక్ష చేయించి, డైసల్ఫిరామ్ మాత్ర సూచించారు. ఈ మాత్ర వేసుకున్నవాడు మద్యం తాగితే మద్యం విరిగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విష పదార్థం ఒంట్లో పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. మాత్ర ఆపినా ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. అందుకే మనిషికి అంతా తెలిసి, ఒప్పుకుని వేసుకోవాలి. రమణ విని, "అంటే ఆ సాంబారులోది ఇదేనేమో" అన్నాడు. సుగుణ తలవంచుకుంది. నాకూ అదే అనుమానం. ఆ గదిలో వాళ్లిద్దరూ ఆ విషయం మొదటిసారి మాట్లాడుకున్నారు. అలా మాట్లాడించడమే ఒక అరగంట పట్టింది, ఆ అరగంట వృథా కాలేదు.

మాత్ర రోజూ ఒకరి ఎదుట వేసుకోవాలి. సాధారణంగా భార్యకు అప్పగిస్తాం. ఇక్కడ అది కుదరదు. ఆమె చేతి నుంచి మందు అంటేనే అతనికి పాత గాయం. పాస్టరుగారు తాను చూసుకుంటానన్నారు. దానికీ వద్దన్నాను, ఎందుకంటే కాపరి ముందు నిలబడితే అది మళ్లీ సాక్ష్యం అవుతుంది. బస్టాండు పక్కన ఒక పెద్దావిడ ఉంది. పాతికేళ్లు బైబిలు స్త్రీగా, అంటే బైబిలు చదివి వినిపించే మనిషిగా, పల్లెపల్లెకూ నడిచి, ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. డెబ్బై దాటాయి. ఊళ్లో అందరికీ అవ్వే. రమణ పొద్దున ఐదున్నరకు ఆమె అరుగు మీదికి వచ్చి మాత్ర వేసుకోవాలి, ఆమె ఇచ్చే రాగిజావ తాగి ఐదూ నలభై ఐదు బస్సెక్కాలి. అవ్వ ఒక షరతు పెట్టింది. "నేను ఏమీ అడగను నాయనా. రావడం ఒక్కటే నీ పని."

ఆ ఒక్క వాక్యాన్ని ఆ తర్వాత చాలామంది శిక్షణార్థులకు చెప్పాను.

శనివారం గురించి వేరుగా ఆలోచించాం. బటవాడా డబ్బు చేతికి రాకుండా నేరుగా సుగుణ ఖాతాకు వెళ్లేలా కాంట్రాక్టరుతో రమణే మాట్లాడాడు. ఊరి నుంచి అదే వైపు పనికి వెళ్లే ముగ్గురు శనివారం అతనితో కలిసి ఒకే బస్సులో రావాలని అనుకున్నారు. పాస్టరుగారు శుక్రవారం రాత్రి ప్రార్థనను శనివారం సాయంత్రం ఏడున్నరకు మార్చారు. ఇరవై ఏళ్ల అలవాటు అది, సంఘంలో గొణుగుడు వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. ఒక తాగుబోతు కోసం సంఘం తన గడియారాన్ని మార్చుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ప్రభు బల్ల సంగతి కూడా వచ్చింది. అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం. అక్కడ ఇంట్లో పులియబెట్టిన, అంటే కొంత మద్యం ఉండే, ద్రాక్షారసం వాడేవారు. రమణ బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి అతనికి ఇవ్వరు. కానీ అదే సంఘంలో మరో ఇద్దరు ఇదే మాత్ర మీద ఉన్నారని ఈ సందర్భంగా బయటపడింది. ఎండుద్రాక్ష మరిగించి అదే రోజు వడకట్టిన రసానికి మారారు.

పాస్టరుగారితో అసలు సంభాషణ మాత్రం సాక్ష్యం గురించే. మాత్రతో మానడం దేవుడి విడుదల ఎలా అవుతుందన్నది ఆయన బాధ. నిజమైన బాధ, నేను తేలిగ్గా తీసుకోలేదు. బైబిలులోని మంచి సమరయుడి ఉపమానం గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. గాయపడినవాడి మీద అతను నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన పశువు మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడితో ఆగలేదు. రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. పూటకూళ్లవాడికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేదు. గాయం ఎప్పుడు మానుతుందో అతనికీ తెలియదు. పాస్టరుగారు ఆ ఆఖరి భాగం దగ్గర ఆగారు. "మనం రెండు దేనారాల దాకా వెళ్లకుండానే స్తుతి కూటం పెట్టేశాం" అన్నారు.

ఆ తర్వాత నెలకోసారి, మొదటి శనివారం, మానాలనుకునే మగవాళ్లకు విడిగా కూటం మొదలైంది. మైకు లేదు. ఆడవాళ్లు, పిల్లలు ఉండరు. ఎవరైనా "ఈ నెల తాగాను" అని చెప్పవచ్చు. చెప్పినవాడికి టీ పోస్తారు. అంతే. మొదటి రెండు కూటాల్లో ఎవరూ నోరు విప్పలేదు. మూడోసారి సంఘ పెద్దల్లో ఒకరు, ఎవరూ ఊహించని మనిషి, తన సంగతి చెప్పారు. ఆ రోజు గది మారిపోయిందని పాస్టరుగారు నాతో అన్నారు.

డిసెంబరు

ఐదో నెలలో రమణ బావమరిది చనిపోయాడు. పదకొండో రోజు కర్మకు రెండు రోజుల ముందు నుంచి రమణ అవ్వ దగ్గరకు వెళ్లలేదు. పథకం వేసుకునే మానాడని తర్వాత ఒప్పుకున్నాడు. కర్మ రోజు రాత్రి నైంటీ తాగాడు. పది నిమిషాల్లో ముఖం కందగడ్డలా అయింది, ఊపిరాడలేదు. అతని జేబులో ఈ మాత్ర వాడుతున్నానని రాసిన చీటీ ఉండేది. దాన్ని చూసి బంధువులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. సెలైన్ ఎక్కించి, రాత్రంతా ఉంచి పంపారు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు అతను అవ్వ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఏమీ అడగలేదు. జావ ఇచ్చింది. ఏడింటికి నాకు ఫోన్ చేసి, "తాగాను మేడమ్" అన్నాడు. మొదటిసారి పడినప్పుడు ఈ రెండు మాటలకు తొమ్మిది వారాలు పట్టింది, అదీ నేను వెళ్లాక. ఈసారి తొమ్మిది గంటలు కూడా పట్టలేదు. ఈ కేసులో పని చేసిందేమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ తేడానే. డాక్టరును కలిసి, రెండు వారాల విరామం తర్వాత మాత్ర మళ్లీ మొదలుపెట్టాం.

మరుసటి ఏడాది జూలై దాకా మాత్ర కొనసాగింది. ఏడాది నిండాక డాక్టరు ఆపారు. జావ మాత్రం ఆగలేదు.

మేము మార్చుకున్నవి

గృహం నుంచి వెళ్లినవాళ్ల చేత ఏడాది లోపు బహిరంగ సాక్ష్యం చెప్పించవద్దని సంఘాలకు రాతపూర్వకంగా అడుగుతున్నాం. కొన్ని వింటాయి, కొన్ని వినవు. మా గృహంలో నలభై ఐదో రోజు జరిపే వీడ్కోలు ప్రార్థన తీసేశాం. దాని బదులు మొదటి శనివారం ఎవరితో, ఎక్కడ, ఏ సమయానికి అన్నది రాసి, ముగ్గురి సంతకాలు తీసుకుంటాం.

కాపరుల శిక్షణలో ఉపవాస ప్రార్థన గురించి ఇప్పుడు సూటిగా చెబుతాం. రోజూ తాగేవాడిని ఒక్కసారిగా మాన్పించి ఉపవాసం పెట్టకూడదు. పొద్దున లేవగానే తాగాల్సి వస్తుందా, మానినప్పుడు ఎప్పుడైనా వణుకు, ఫిట్స్ వచ్చాయా అని ముందు అడగాలి. అవునంటే మొదట ఆసుపత్రి. ప్రతి మందిరం లోపల గోడకు మూడు నంబర్లు అతికించమంటాం: అంబులెన్సుకు 108, మత్తు విముక్తి సలహాకు 14446, మానసిక సహాయానికి టెలి మానస్ 14416. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో చికిత్స అందింది. మిగిలిన 37 మందిలో ఎంతమంది ఏ మందిరంలో, ఏ గుడిలో, ఏ దర్గాలో చాప మీద వణుకుతూ కూర్చున్నారో అన్న ఆలోచన నన్ను వదలదు. పల్లె పాస్టరును తక్కువ చేసి మాట్లాడే వైద్య మిత్రులతో నేను అందుకే వాదిస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు రోగి పక్కన ఉండేది ఆయనే.

మాల

మాత్ర ఆపిన ఏడాది కార్తీకంలో రమణ నన్ను అడిగాడు: "ఈసారి మాల వేసుకోనా మేడమ్?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా విశ్వాసం ఒక పక్క. ఇంకో పక్క, నలభై ఒక్క రోజుల పాత గాడిలోకి మళ్లీ వెళ్తున్నాడన్న భయం, తిరుగు ప్రయాణంలో మాల తీశాక పాత స్నేహితులు ఉంటారన్న భయం. పాస్టరుగారికి బాధ కలిగింది, ఇన్ని నెలల శ్రమ తర్వాత ఇదా అన్నారు. నేను మాత్రం మొదటి రోజు సంతకం పెట్టించుకున్న పత్రాన్నే గుర్తు చేసుకున్నాను. అప్పుడిచ్చిన మాట ఇప్పుడు తప్పితే, ఇన్నాళ్లూ అది ఎర మాత్రమే అవుతుంది. వేసుకోవడం అతని ఇష్టమని, నలభై రెండో రోజు పొద్దున ఏం చేస్తాడో ఇప్పుడే నాకు చెప్పాలని అన్నాను.

"అవ్వ దగ్గరకు వస్తాను" అన్నాడు.

అవ్వ ఈ చర్చలో ఎవరి పక్షమూ తీసుకోలేదు. మాల వేసుకుంటే పొద్దున రావడం మానేస్తావా అని మాత్రం అడిగిందట. మాననన్నాడు. దీక్షలో బయట వండినది తినకూడదు కాబట్టి ఆ రోజుల్లో ఆమె జావ కాయలేదు. నల్లబట్టలతో, చెప్పులు లేకుండా అరుగు దగ్గరకు వచ్చినప్పుడు ఒక అరటిపండు చేతిలో పెట్టేది. శబరిమలకు వెళ్లిన నాలుగు రోజులు తప్ప ఒక్క పొద్దూ తప్పలేదు.

రమణ అప్పు ఇంకా తీరలేదు. కూతురు అతనితో ముక్తసరిగానే మాట్లాడుతుంది, దాని మీద పని మొదలుపెట్టాం. మందిరానికి పండగలకు వస్తాడు, డప్పు వాయిస్తాడు, బాప్తిస్మం గురించి ఎవరూ అడగడం లేదు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన మర్నాడు నేను కావాలనే ఆ ఊళ్లో ఉన్నాను. ఐదున్నరకు ఇంకా చీకటిగానే ఉంది. అవ్వ పొయ్యి మీద జావ ఉడుకుతోంది. ఐదూ ముప్పై ఐదుకు చెప్పుల చప్పుడు వినిపించింది.